తొమ్మిది గంటలు నెత్తిమీదే.. ఏ హెడ్‌సెట్ తీసుకోవాలి?

వారంలో రెండు రోజులు హైదరాబాద్ ఆఫీసు, మిగతా మూడు రోజులు తాండూరులో ఇంటి నుంచి పని. మా వికారాబాద్ జిల్లాలో ఇలా నెట్టుకొస్తున్న సాఫ్ట్‌వేర్ వాళ్లు చాలామందే ఉన్నారు. పొద్దున్నే తాండూరులోనో వికారాబాద్‌లోనో రైలెక్కి లింగంపల్లిలో దిగితే, ఐటీ ఆఫీసులు అక్కణ్నుంచి దగ్గరే. ఇంట్లో ఉన్న రోజుల్లో ట్రాఫిక్ లేదు, కిరాయి బాధ లేదు, వేడివేడి అన్నంలోకి మా ఊరి కందిపప్పు. అంతా మంచిగనే ఉంటది.. మీటింగ్ మొదలయ్యేదాకా!

ఎందుకంటే తాండూరు అంటే కందిపప్పు ఒక్కటే కాదు, నాపరాయి కూడా. హైదరాబాద్ పాత ఇళ్లల్లో కాళ్లకింద చల్లగా తగిలే బండల్లో ఎన్నో ఇటు తాండూరు, షాబాద్ వైపు నుంచి పోయినవే. గనుల్లోంచి తెచ్చిన రాయిని కోసే కట్టర్లు, నున్నగా చేసే పాలిష్ మిషన్లు, బండలు మోసే లారీలు.. ఊరికి అన్నం పెట్టే చప్పుడు అది. దాన్ని ఆపమనలేం. కాకపోతే అదే చప్పుడు నా మైక్‌లోంచి బెంగళూరుకో, లండన్‌కో పోతే "మీ దగ్గర ఏమన్నా డ్రిల్లింగ్ జరుగుతోందా?" అని అడుగుతారు.

ఊళ్లో తమ్ముళ్లు, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు తరచూ అడిగే మాట ఒకటే: "అన్నా, మంచి హెడ్‌సెట్ ఒకటి చెప్పు." నేను బ్రాండ్ పేరు చెప్పను. "నీ చుట్టూ ఏం చప్పుడు ఉంటది?" అని అడుగుతాను. ఏ హెడ్‌సెట్ పెట్టుకుంటే మీరున్న చోట తక్కువ వాల్యూమ్‌లో వినగలుగుతారో, గొంతు పెంచకుండా మాట్లాడగలుగుతారో, అదే మీకు రోజంతా సుఖమిచ్చే హెడ్‌సెట్. మెత్తటి కుషన్లు, ధర, రంగు అన్నీ ఆ తర్వాతే.

నాయన చెవులు చెప్పిన లెక్క

మా నాయన ఇరవై ఏళ్లకు పైగా ఒక పాలిష్ యూనిట్‌లో మిషన్ మీద పనిచేశాడు. చెవులకు అడ్డం అంటే నెత్తికి చుట్టుకున్న రుమాలే. ఇప్పుడు టీవీ ఎంత పెంచినా "మాట ఇనపడ్తుంది గానీ సమజైతలేదు" అంటాడు. చెవి పరీక్ష చేయిస్తే, గ్రాఫ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర గీత ఒక్కసారిగా కిందికి దిగింది. ఏళ్ల తరబడి పెద్ద చప్పుళ్ల మధ్య పనిచేసినవాళ్లలో సాధారణంగా కనిపించే గుర్తు అది. స, ష, ఫ లాంటి సన్నటి ధ్వనులకు ఆ ఎత్తు ఫ్రీక్వెన్సీలే ఆధారం. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు.

మన లోపలి చెవిలో సుమారు 15 వేల సూక్ష్మమైన కణాలుంటాయి. వాటి కొసన వెంట్రుకల్లాంటి పోగులుంటాయి కాబట్టి హెయిర్ సెల్స్ అంటారు. శబ్దాన్ని నరానికి అందించేది అవే. నెత్తిమీద వెంట్రుక ఊడితే మళ్లీ మొలుస్తుందేమో గానీ, మనిషి చెవిలో ఇవి ఒకసారి చచ్చిపోతే మళ్లీ రావు.

హెడ్‌సెట్‌కు, పాలిష్ మిషన్‌కు ఏం సంబంధం అంటారా? చెవికి రెండూ శబ్దమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలదాకా వినొచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి పడిపోతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5 గంటలే.

ఇప్పుడు మన లెక్క వేసుకుందాం. రోజుకు ఐదు గంటలు మీటింగులు, కాల్స్ అనుకుంటే వారానికి 25 గంటలు. 80 దగ్గర ఉంటే కోటా ఇంకా మిగిలే ఉంది. బయటి చప్పుడును దాటడానికి కాస్త పెంచి 83కు తెచ్చామా, శుక్రవారం రాకముందే కోటా ఖాళీ. రైల్లో వినే పాటలు, రాత్రి రీల్స్ దీనికి అదనం. 12 నుంచి 35 ఏళ్ల మధ్య వయసువాళ్లలో 100 కోట్ల మందికి పైగా ఇలా పెద్ద శబ్దంతో వినడం వల్ల వినికిడి ప్రమాదంలో ఉన్నారని ఆ సంస్థే చెబుతోంది. నాయన చేతిలో మిషన్ వాల్యూమ్ లేదు. మన చేతిలో ఉంది.

పావుకిలో పప్పు నెత్తిన పెట్టుకుంటే

షాపులో రెండు నిమిషాలు పెట్టుకుంటే ప్రతి హెడ్‌సెటూ బాగానే ఉంటుంది. అసలు సంగతి మూడో గంటలో బయటపడుతుంది.

ముందు బరువు. పాటల కోసం ఎక్కువమంది కొనే సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎమ్5 250 గ్రాములు. అంటే పావుకిలో. యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ దాదాపు 385 గ్రాములు. ఆఫీసు కాల్స్ కోసమే చేసిన వైర్డ్ హెడ్‌సెట్లు చాలావరకు 100 నుంచి 200 గ్రాముల మధ్య ఉంటాయి. రెండు గంటల సినిమాకు ఈ తేడా తెలియదు, తొమ్మిది గంటల పనికి మెడ చెబుతుంది. బరువు సమస్య కొత్తదేం కాదు. 1961లో అమెరికాలో ఇద్దరు పైలట్లు ప్లాంట్రానిక్స్ అనే కంపెనీ పెట్టిందే విమానాల్లో వాడటానికి తేలికైన హెడ్‌సెట్ తయారుచేయడానికి. 1969లో చంద్రుడి మీంచి నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ మాటలు భూమికి చేరింది ఆ కంపెనీ హెడ్‌సెట్‌తోనే. ఇప్పుడదే పాలీ పేరుతో హెచ్‌పీ కింద ఉంది.

తర్వాత బిగువు. హెడ్‌సెట్ తలను రెండువైపులా ఎంత గట్టిగా నొక్కుతుందన్నది బరువుకంటే ముఖ్యం. మరీ వదులైతే జారుతుంది, మరీ బిగువైతే కణతలు నొస్తాయి. అద్దాలు పెట్టుకునేవాళ్లకు ఈ బాధ రెట్టింపు. కుషన్ నేరుగా చెవిమీద కూర్చునే రకం అయితే, అద్దాల కాడకూ కుషన్‌కూ మధ్య చెవి నలిగిపోతుంది. చెవి మొత్తాన్ని చుట్టుకునే రకం, అందులోనూ మందంగా మెత్తగా ఉండే కుషన్ వాళ్లకు నయం. అద్దాల కాడలు సన్నగా ఉంటే ఇంకా మంచిది. కాడ లావుగా ఉంటే కుషన్ కింద సందు పడి బయటి చప్పుడు లోపలికి దూరుతుంది.

మూడోది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర బండమీద కాలు పెట్టలేం. తోలులాంటి రెగ్జిన్ కుషన్లు చప్పుడును బాగా ఆపుతాయి గానీ చెమట పట్టిస్తాయి. బట్టతోనో స్పాంజితోనో చేసినవి గాలి ఆడనిస్తాయి గానీ చప్పుడును అంతగా ఆపవు. ఫ్యాన్ చాలు, గది ప్రశాంతంగా ఉంటుందంటే బట్ట కుషన్ తీసుకోండి. కట్టర్ పక్కన ఉంటే రెగ్జినే గతి, గంటకోసారి తీసి తుడుచుకోవాలి. ఆ రెగ్జిన్ వాడగా వాడగా పొరలు పొరలుగా ఊడి, నల్లటి పెచ్చులు చెంపలకు అంటుకుంటాయి. అందుకే కొనేముందు ఆ మోడల్‌కు విడిగా కుషన్లు దొరుకుతాయా అని చూడండి. కుషన్లు మార్చుకోగలిగితే హెడ్‌సెట్ ఆయుష్షు పెరుగుతుంది.

మరి చెవిలో దూర్చుకునే బడ్స్ వాడితే? గంట, రెండు గంటలకు ఓకే. రోజంతా అంటే చెవి లోపల వేడి, తేమ నిలిచిపోతాయి. ఫంగస్‌కు అలాంటి చోటే కావాలి. దురద పెడితే ఇంట్లో పెద్దవాళ్లు గోరువెచ్చటి నూనె పోస్తామంటారు. ప్రేమతోనే అంటారు గానీ, ఆ పని చేయొద్దని డాక్టర్లు చెబుతారు. బడ్స్ పక్కన పెట్టి చెవిని ఆరనివ్వండి. తగ్గకపోతే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి.

ఒకే పేరు.. రెండు పనులు

ఆన్‌లైన్‌లో ప్రతి డబ్బా మీదా 'నాయిస్ క్యాన్సిలేషన్' అని ఉంటుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. ఆ మాటకు రెండు అర్థాలున్నాయి.

ఏఎన్‌సీ అని ఉంటే అది మీ చెవుల కోసం. బయటి చప్పుడును చిన్న మైకులతో విని, దానికి సరిగ్గా ఎదురు తిరిగిన తరంగాన్ని వదిలి రెండింటినీ కొట్టేసుకునేలా చేస్తుంది. ఈఎన్‌సీ అని ఉంటే అది అవతలివాళ్ల కోసం. మీ మైక్‌లోకి పోయే చప్పుడును మాత్రమే తగ్గిస్తుంది. ఈఎన్‌సీ హెడ్‌సెట్ కొని "నాకు కట్టర్ చప్పుడు తగ్గలేదేంటి?" అంటే లాభం లేదు. అది ఆ పనికి పుట్టలేదు.

ఏఎన్‌సీకీ ఒక హద్దు ఉంది. ఫ్యాన్, ఏసీ, జనరేటర్, రైలు గడగడ లాంటి ఒకే తీరుగా సాగే బరువైన శబ్దాలను బాగా మింగుతుంది. కుక్కర్ విజిల్, రాయి మీద కట్టర్ పెట్టే కీచుమనే అరుపు లాంటి పదునైన శబ్దాలను అంతగా ఆపలేదు. వాటిని ఆపేది చెవిచుట్టూ మంచిగా అతుక్కునే కుషనే. కాబట్టి నాలాగా మోటారు గుర్రు, కట్టర్ కీచు రెండూ ఉన్నచోట పనిచేసేవాళ్లకు చెవిని చుట్టేసే కుషన్, ఏఎన్‌సీ కలిసి ఉంటేనే వాల్యూమ్ తగ్గుతుంది. ప్రశాంతమైన గదిలో కూర్చునేవాళ్లకు ఏఎన్‌సీ మీద పెట్టే డబ్బు దండగే.

ఈ హెడ్‌ఫోన్ల వెనక మనవాళ్ల పేరు కూడా ఉంది. బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన ఒక స్వాతంత్ర్యోద్యమకారుడి కొడుకు అమర్ బోస్. 1978లో జ్యూరిక్ నుంచి తిరిగి వెళ్తుంటే విమానం హోరులో హెడ్‌ఫోన్‌లోని పాట సరిగా వినపడలేదు. అక్కడే కూర్చుని చప్పుడును చప్పుడుతో తీసేసే లెక్కలు మొదలుపెట్టాడు. ఆయన కంపెనీ 1989లో పైలట్ల కోసం అలాంటి హెడ్‌సెట్‌ను మార్కెట్లోకి తెచ్చింది.

మైక్ నోటికి రెండు వేళ్ల దూరం

మైక్ విషయంలో ఖరీదైన చిప్‌లకంటే ఎక్కువ పనిచేసేది దూరం. మైక్‌కు, నోటికి మధ్య దూరం సగమైన ప్రతిసారీ మీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరిగి చేరుతుంది. బయటి చప్పుడు మాత్రం అంతే ఉంటుంది. ల్యాప్‌టాప్ మైక్ 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. 30, 15, 7.5, 4 సెంటీమీటర్లు అనుకుంటూ నాలుగుసార్లు సగం చేస్తే, గొంతుకు దాదాపు 24 డెసిబెల్స్ లాభం. ఏ సాఫ్ట్‌వేర్ లేకుండానే!

అందుకే చెంప పక్కనుంచి నోటిదాకా వచ్చే పుల్లలాంటి బూమ్ మైక్ ఉన్న హెడ్‌సెట్టే ఆఫీసు పనికి సరైంది. చూడటానికి కాల్‌సెంటర్‌లా ఉంటుందని మొహమాటపడొద్దు. పెట్టుకునేటప్పుడు నోటికి ఎదురుగా కాదు, మూతి కొసన, రెండు వేళ్ల దూరంలో ఉంచండి. అప్పుడు ఊపిరి చప్పుడు పడదు. టీమ్స్, జూమ్, మీట్‌లలో కూడా చప్పుడు తగ్గించే సెట్టింగ్ ఉంది. అదొక్కటే నమ్ముకుంటే కట్టర్‌తోపాటు మీ మాటల చివర్లు కూడా ఎగిరిపోతుంటాయి. మైక్ దగ్గరుంటే దాని పని తేలికవుతుంది.

బ్లూటూత్ వాడేవాళ్లు ఇంకోటి గమనించే ఉంటారు. పాట వింటున్నంతసేపు బ్రహ్మాండంగా ఉంటుంది. కాల్ వచ్చి మైక్ ఆన్ కాగానే గొంతులు డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోతాయి. పాటలకు ఒక దారి, మైక్‌తో కూడిన కాల్స్‌కు ఇంకో దారి వాడటం పాత బ్లూటూత్ పద్ధతి. రెండో దారి ఇరుకు. ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతిలో ఈ బాధ తగ్గుతుంది, కాకపోతే హెడ్‌సెట్, ల్యాప్‌టాప్ రెండింట్లోనూ అది ఉండాలి. యూఎస్‌బీ వైర్ ఉన్నదానికి ఈ గొడవే లేదు. ఛార్జింగ్ బాధ లేదు, కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీతోనే నడుస్తుంది. బూమ్ మైక్‌తో మంచివి రెండు మూడు వేల రూపాయల్లోనే దొరుకుతాయి. లేచి తిరుగుతూ మాట్లాడటం మీ అలవాటైతే, ల్యాప్‌టాప్‌కు పెట్టే చిన్న డాంగిల్‌తో వచ్చే వైర్‌లెస్ హెడ్‌సెట్ చూడండి.

"గంతగానం ఎందుకు ఒర్రుతున్నవ్?"

నేను మీటింగ్‌లో ఉన్నప్పుడు మా అమ్మ అడిగే ప్రశ్న ఇది. దానికి జవాబు వందేళ్ల కిందటే దొరికింది. చుట్టూ చప్పుడుంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రాన్స్‌కు చెందిన చెవి డాక్టర్ ఎతియెన్ లొంబార్డ్ 1911లో ప్రకటించాడు. దాన్నే లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. చెవులు రెండూ మూసేసినా ఇలాంటిదే జరుగుతుంది. మన గొంతు మనకు సరిగా వినపడక అరుస్తాం. సాయంత్రానికి గొంతు బొంగురు.

దీనికి మందు సైడ్‌టోన్. మన గొంతును మన చెవిలోనే కొంచెంగా వినిపించే సదుపాయం అది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్లలోనూ ఉండేది. ఆఫీసు హెడ్‌సెట్లలో చాలావాటికి కంపెనీ యాప్‌లో దీన్ని పెంచుకునే, తగ్గించుకునే వీలుంటుంది. కొనేముందు ఈ ఒక్క మాట వెతకండి. చెవులు మూసే హెడ్‌సెట్‌లో ఇది లేకపోతే రోజంతా మాట్లాడేవాళ్లకు కష్టం.

వికారాబాద్‌లో ఉండే మా చిన్నమ్మ బిడ్డ సంగతే చూడండి. ఇంటి నుంచే కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం. రోజుకు ఏడెనిమిది గంటలు మాట్లాడటమే పని. ఇల్లు మెయిన్ రోడ్డుకు దూరంగా, ప్రశాంతంగా ఉంటుంది. రెండేళ్ల బాబు పక్కగదిలో పడుకుంటాడు. "అన్నా, చెవులు రెండూ మూసుకుంటే పిల్లగాడు ఏడ్చినా ఇనపడదు కదా" అంది. ఆమెకు సరిపోయింది ఒక చెవికే కుషన్ ఉండే మోనో హెడ్‌సెట్. తేలిక, గాలి ఆడుతుంది, తన గొంతు తనకే వినపడుతుంది, ఒక చెవి బాబు మీద. పూటకో చెవికి మార్చుకుంటుంది.

అదే మోనో నాకు తాండూరులో పనికిరాదు. ఖాళీగా ఉన్న చెవిలోంచి కట్టర్ దూరుతుంది, దాన్ని దాటడానికి రెండో చెవిలో వాల్యూమ్ పెంచాల్సి వస్తుంది. రెండు చెవులతో వింటే అదే మాట తక్కువ వాల్యూమ్‌లోనే స్పష్టంగా తెలుస్తుంది. రెండూళ్ల మధ్య దూరం 40 కిలోమీటర్లే. హెడ్‌సెట్ మాత్రం ఒక్కటి కాదు.

రిటర్న్ గడువులోగా మూడు పరీక్షలు

రివ్యూలు ఎన్ని చదివినా మీ తల, మీ గది వేరు. అందుకే వెనక్కి ఇచ్చే గడువు ఉన్నచోటే కొనండి. డబ్బా పారేయకుండా ఈ మూడూ చేయండి.

ఒకటి, వాల్యూమ్ పరీక్ష. ఇల్లు ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒక వీడియో పెట్టి, మాట హాయిగా అర్థమయ్యే దగ్గర వాల్యూమ్ అంకె రాసుకోండి. మీ దగ్గర చప్పుడు బాగా ఉన్న వేళ అదే వీడియోకు ఎంత పెంచాల్సి వచ్చిందో చూడండి. రెండు అంకెల మధ్య తేడా ఎంత తక్కువైతే హెడ్‌సెట్ అంత మంచిది. ఈ పరీక్షలో తప్పితే, మిగతావన్నీ ఎంత బాగున్నా తిరిగి ఇచ్చేయండి.

రెండు, మైక్ పరీక్ష. అదే చప్పుడులో ఒక నిమిషం మామూలు గొంతుతో మాట్లాడి రికార్డు చేయండి. అందులో కొన్ని ఇంగ్లిష్ పేర్లు, ఎస్, ఎఫ్ అక్షరాలు, అంకెలు ఉండాలి. దాన్ని మీరు వినకండి, ఏం మాట్లాడారో తెలియని వేరేవాళ్లకు వినిపించి రాయమనండి.

మూడు, తల పరీక్ష. తీయకుండా రెండు గంటలు పనిచేయండి. అద్దాలుంటే వాటితోనే. కణతలు, నడినెత్తి, చెవి వెనక భాగం.. ఎక్కడైనా నొప్పి మొదలైతే, అలవాటైతే పోతుందిలే అనుకోవద్దు. కొత్త బిగువు కొంచెం సడలుతుంది గానీ, చెవికి చిన్నదైన కుషన్ పెద్దది కాదు.

కొన్నాక కూడా పని ఉంది. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్‌కు హద్దు పెట్టుకోండి. ఐఫోన్ అయితే హెడ్‌ఫోన్ సేఫ్టీ సెట్టింగ్‌లో, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సౌండ్ సెట్టింగ్స్‌లో ఆ వీలుంది. గంటకోసారి ఐదు నిమిషాలు హెడ్‌సెట్ తీసి చెవులకు గాలి తగలనివ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉచితంగా ఇచ్చే హియర్‌డబ్ల్యూహెచ్‌ఓ యాప్‌లో చప్పుడు మధ్య అంకెలను గుర్తుపట్టే చిన్న పరీక్ష ఉంది. ఇప్పుడొకసారి చేసి మార్కు రాసిపెట్టుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ చేసి పోల్చుకోండి. మార్కు తగ్గినా, రాత్రి పడుకున్నప్పుడు చెవిలో గుయ్‌మని మోగుతున్నా కొత్త హెడ్‌సెట్ వెతకడం ఆపి, ముందు చెవి పరీక్షకు వెళ్లండి.